మూడు రోజులు గోడమీదున్న కాగితం

చిన్నపిల్లల ఆస్పత్రి మందుల గదిలోకి కొత్త ప్రోగ్రాం వచ్చి వారమైంది. ఆ వారమంతా మందులక్క దాన్ని, కొత్తగా పనిలో చేరిన మనిషిని చూసినట్టే చూసింది. పని చెప్పింది గాని ఒంటరిగా వదల్లేదు. బిడ్డ బరువు కొడితే ఏ మందు ఎంత ఎక్కించాలో తెర మీద చెప్పేస్తుంది ఆ ప్రోగ్రాం. అది చెప్పగానే ఆమె వెనక్కి తిరిగి, గోడకు ప్లాస్టిక్ కవరులో అంటించిన పట్టికలో వేలు పెట్టి అదే అంకె వెతుక్కునేది. రెండూ కలిస్తేనే సిరంజి చేతిలోకి తీసుకునేది.

"పని తగ్గుతుందని తెస్తే నీకు రెట్టింపైంది కదక్కా" అని వార్డు నర్సు నవ్వింది.

"దాని సంగతి నాకింకా తెలీదమ్మా. తెలిసేదాకా ఇంతే" అంది మందులక్క.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. పదకొండేళ్ళుగా ఆ గదిలోనే, ఆ ఎత్తు స్టూలు మీదే కూర్చుంటోంది. పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి నేల తుడిచే ఆయమ్మ దాకా అందరికీ ఆమె మందులక్కే.

మంగళవారం పొద్దున పదిన్నరకు పై అంతస్తు నుంచి చీటీ వచ్చింది. పుట్టి ఆరు రోజులైన బిడ్డ. బరువు రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఒళ్ళంతా ఇన్ఫెక్షన్. చీటీలో రాసింది రోజూ వాడే మందు కాదు. మిగతావేవీ పని చెయ్యనప్పుడు ఏ రెండు నెలలకో ఒకసారి అలమార పై అర నుంచి కిందికి దిగే మందు. ఆమె బరువు కొట్టింది. తెర 0.8 మిల్లీలీటర్లు అంది. గోడ 0.6 అంది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. మళ్ళీ అదే. సొరుగులోంచి లావుపాటి మందుల పుస్తకం తీసి పేజీ తిప్పింది. పుస్తకం గోడ పక్షానే ఉంది. బరువు రెండు కిలోలు కొట్టి చూసింది, సరిపోయింది. రెండు కిలోల ఆరు వందలు కొట్టింది, అదీ సరిపోయింది. రెండుకు పైన, రెండున్నరకు లోపల, ఆ ఒక్క వరుసలోనే తేడా. ఇవ్వాల్సిన దానికంటే మూడో వంతు ఎక్కువ.

ఆ మందు ఎక్కువైతే ముందు మూత్రపిండాల మీద పడుతుంది, తర్వాత చెవుల మీద పడుతుంది. పెద్దవాళ్ళయితే తట్టుకుంటారేమో గాని, రెండు కిలోల బిడ్డ ఎక్కడ తట్టుకుంటుంది? నర్సును పక్కన నిలబెట్టుకుని, 0.6 గీత దగ్గర ఆగిన సిరంజిని ఆమెకూ చూపించి, ఇద్దరూ సంతకం పెట్టాకే పైకి పంపింది. వెంటనే కంప్యూటర్ల గదికి ఫోన్ చేసింది.

కంప్యూటర్లు చూసే ఆయన కిందికి వచ్చాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు. మెళ్ళో కళ్ళజోడు తాడుకు వేలాడుతూ ఉంటుంది. ఆస్పత్రిలో సగం మందికి ఆయన బాబాయ్.

"ఏ కంపెనీ వాళ్ళది బాబాయ్ ఇది? ఫోన్ నంబరు ఇవ్వండి, నేనే మాట్లాడతాను."

"దీనికి కంపెనీ లేదమ్మా."

"కంపెనీ లేకపోతే ఎవరు చేశారు?"

"ఎవరెవరో చేశారు. ఓపెన్ సోర్స్ అంటారు. లోపలి రాతంతా బయటే పెట్టి ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు."

"ఎవరైనా అంటే?"

"ఎవరైనా అంటే ఎవరైనానే. నువ్వు, నేను, గేటు దగ్గర వాచ్‌మన్."

మందులక్క ముఖం తెల్లబోయింది. "పసిబిడ్డలకి ఎక్కించే మందు లెక్క వాచ్‌మన్ మార్చేస్తాడా?"

"మార్చి పంపిస్తాడు. లోపల ఇద్దరు చూసి ఒప్పుకుంటేనే అసల్లో కలుస్తుంది."

"ఆ ఇద్దరూ డాక్టర్లేనా?"

"అది మాత్రం నాకు తెలీదమ్మా."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ ప్రోగ్రాం వాళ్ళ పేజీ తెరిచి చూపించాడు. వాడుతున్న ఆస్పత్రుల జాబితా ఒక పక్కన ఉంది. మందులక్క చూపుడు వేలితో కిందికి జరుపుతూ పోయింది. జాబితా ఎంతకీ అయిపోలేదు. అడుగున మొత్తం నూట అరవై మూడు అని ఉంది. ఆమె స్టూలు ఎక్కడుందో చూసుకోకుండానే కూర్చోబోయింది. బాబాయ్ చప్పున స్టూలును ముందుకు తోశాడు గనక సరిపోయింది.

తప్పులు చెప్పడానికి అక్కడే ఒక చోటుంది. అందులో రాయాలంటే ఖాతా తెరవాలి, ఖాతాకు పేరు కావాలి. ఆమె ఆలోచించకుండా మందులక్క అనే కొట్టింది. కింద నాలుగు వాక్యాలు రాసింది. ఏ మందు, ఏ బరువు, తెర ఏం చెప్పింది, పుస్తకం ఏం చెప్పింది. పుస్తకం పేజీ ఫోటో తీసి జత చేసింది. నెలైనా జవాబు రాదనుకుంది. ఇరవై నిమిషాల్లో వచ్చింది.

ఆ ప్రోగ్రాం బాగోగులు చూసే మనిషి అక్కడ పెన్సిల్ అనే పేరుతో ఉంటాడు. ఆయన ఇలా రాశాడు: "మీరు చెప్పింది నిజం. నేనూ పుస్తకం చూశాను. ఆ మందు లెక్క నమ్మవద్దని ఆస్పత్రులన్నిటికీ ఇప్పుడే హెచ్చరిక పంపాను. చాలా థాంక్స్. దిద్దుబాటు మీరే చేసి పంపుతారా?"

మందులక్క ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివింది. "ఎగతాళి చేస్తున్నాడా బాబాయ్?"

"లేదమ్మా. వీళ్ళ పద్ధతే అంత. తప్పు పట్టుకున్నవాళ్ళ చేతే దిద్దిస్తారు. అలాగే కొత్తవాళ్ళు లోపలికొస్తారు."

"నాకు ప్రోగ్రాం రాయడం వచ్చా? ఇంట్లో టీవీ రిమోటే మా అత్తయ్య నాకంటే బాగా నొక్కుతుంది."

"ప్రోగ్రాం రాయక్కర్లేదు. ఈ లెక్కలన్నీ ఒక పట్టికలో ఉంటాయి. ఆ పట్టికకి నకలు తీసుకుని, నీ నకల్లో ఒక్క అంకె మార్చి, మార్చానని పంపడమే."

మధ్యాహ్నం చీటీల రద్దీ తగ్గాక ఆమె ఆ పని మీద కూర్చుంది. నకలు తీసుకోవడం బాబాయ్ చూపించాడు. తీసుకున్న పట్టికను, నెలనెలా మందుల నిల్వ రాసుకునే ప్రోగ్రాంలో తెరిచి, ఎనిమిదిని ఆరు చేసి, భద్రం చేసి పంపింది. చిన్నప్పుడు పలక మీద తప్పు తుడిచి దిద్దినంత తేలిగ్గా అయిపోయింది. ఇంతేనా అనుకుని పక్క గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది. ఈసారి రాసింది గుడ్లగూబ అనే మనిషి. ఆ ప్రోగ్రాంలో ఏది కలవాలన్నా ఈవిడ కూడా చూడాలట.

"నమస్కారం. ఒక అంకె మార్చానని రాశారు. ఇక్కడ మూడు వందల పన్నెండు వరుసలూ మారినట్టు కనిపిస్తున్నాయి."

మందులక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క తప్పు దిద్దబోయి మొత్తం పట్టిక పాడు చేశానా, ఇప్పుడు ఆ నూట అరవై మూడు చోట్లా ఏమవుతోంది? బాబాయ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. "క్షమించండి, అన్నీ ఆపేయండి" అని రాసింది.

"ఏమీ కాలేదు" అని వెంటనే వచ్చింది. "మీ నకల్లో మాత్రమే మారింది. అసలుకి ఎవరూ చెయ్యి పెట్టలేదు. మీరు వాడిన ప్రోగ్రాం 0.60 లాంటి వాటిలో చివరి సున్నాలు తీసేసింది. మొదటిసారి అందరికీ ఇదే జరుగుతుంది. ఉత్త అక్షరాలు మాత్రమే రాసుకునే చిన్న ప్రోగ్రాంలో తెరిచి మళ్ళీ చెయ్యండి, మేం ఎక్కడికీ పోం."

ఆమె మళ్ళీ చేసింది. ఈసారి ఒకే వరుస మారింది. పాత వరుస ఎర్రగా, కొత్త వరుస పచ్చగా, ఒకదాని కింద ఒకటి కనిపించాయి. ఊపిరి పీల్చుకుంది.

గుడ్లగూబ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "కొత్త అంకె సరైనదే. కానీ పాత అంకె మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? అది తెలియకపోతే అక్కణ్ణుంచి ఇంకా ఏమేం వచ్చాయో కూడా తెలియదు" అని పెన్సిల్‌ని అడిగింది. ఎవరు ఏ వరుస ఎప్పుడు చేర్చారో, ఏ ఆధారంతో చేర్చారో మొదటి రోజు నుంచీ అన్నీ దాచి ఉంటాయట. వెతుకుతానన్నాడు పెన్సిల్.

నాలుగింటికి వెతికి పెట్టాడు. "ఇది మొట్టమొదటి పట్టికలోదే. పదకొండేళ్ళ కిందటిది. ఈ ప్రోగ్రాం మొదలుపెట్టిన డాక్టరు అప్పుడు తను పని చేస్తున్న ఆస్పత్రి గోడ మీది కాగితం చూసి ఈ అంకెలు ఎక్కించాడు. ఆయన మమ్మల్ని వదిలి వెళ్ళి ఏడేళ్ళయింది, ఉత్తరాలకు జవాబివ్వడు. ఆ కాగితం ఫోటో ఇదిగో."

మందులక్క ఫోటో తెరిచింది.

నీలం సిరాతో అంకెలు. ఎర్ర సిరాతో గీసిన గళ్ళు. పైన శీర్షిక కింద రెండు గీతలు, ఆ గీతల చివర చిన్న మెలిక. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత. ఆమె ఏడుకు అడ్డగీత పెడుతుంది. శీర్షిక కింద గీతకు మెలిక పెట్టడం స్కూల్లో డ్రాయింగు టీచరు దగ్గర నేర్చుకుంది. కాగితం మూలన, గోడ మీద పెచ్చు ఊడిన చోటు కనిపిస్తోంది. ఆ చోటు ఇప్పటికీ అలాగే ఉంది. తల తిప్పితే ఆమెకు రెండడుగుల దూరంలో.

అది తన చేతిరాత.

ఫోటో పెద్దది చేసి ఆ వరుస దగ్గరికి వెళ్ళింది. ఆరును ఎనిమిదిలా చదువుకున్నాడేమో ఆ డాక్టరు అని ఒక్క ఆశ. అలాంటిదేమీ లేదు. పై సున్నా, కింది సున్నా విడివిడిగా, ఎంతో శ్రద్ధగా చుట్టిన ఎనిమిది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై మూడేళ్ళ వయసు, ఉద్యోగంలో చేరిన రెండో నెల. పాత పట్టిక చెమ్మకు పాడైందని, పుస్తకం చూసి కొత్తది రాయమన్నాడు అప్పటి మందుల గది పెద్దాయన. రోజంతా కూర్చుని ముత్యాల్లాంటి అంకెలతో రాసి గోడకు అంటించింది. నాలుగో రోజు పొద్దున ఆయన టీ తాగుతూ పట్టిక ముందు నిలబడ్డాడు. కప్పు కింద పెట్టాడు. కాగితం గోడ మీంచి లాగేశాడు. ఆ మూడు రోజుల్లో ఆ మందు ఎవరికైనా ఇచ్చారేమోనని రిజిస్టరంతా వెతికించాడు. ఎవరికీ ఇవ్వలేదు. "అక్షరం తప్పు పడితే చదివేవాడు సర్దుకుంటాడు తల్లీ. అంకె తప్పు పడితే ఏం చూసి సర్దుకోమంటావ్?" అన్నాడంతే. తిట్టను కూడా లేదు. ఆమె మందుల అలమార వెనక నిలబడి ఏడ్చి, ముఖం కడుక్కుని, మళ్ళీ రాసింది. ఆయన వరుస వరుసా చూసి సంతకం పెట్టాడు. ఇప్పుడు గోడ మీదున్నది అదే.

ఆ మూడు రోజుల్లో, ఆస్పత్రిలో నెల రోజుల పనికి వచ్చిన ఒక కుర్ర డాక్టరు కెమెరా పట్టుకుని గోడల మీద కనబడిన కాగితమల్లా ఫోటో తీసుకుంటూ తిరిగాడు. అవునవును, తిరిగాడు. మందుల గదిలోకీ వచ్చాడు. ఆమె పక్కకు జరిగి దారి కూడా ఇచ్చింది.

మూడు రోజుల్లో చచ్చిపోయిందనుకున్న తప్పు పదకొండేళ్ళుగా బతికే ఉంది. నూట అరవై మూడు ఆస్పత్రులు తిరిగింది.

వార్డు నర్సు ట్రే కోసం వచ్చి, "ఏంటక్కా, అలా ఉన్నావ్?" అంది. మందులక్క తెర మీంచి చూపు తిప్పకుండానే ట్రే అందించబోయింది. నర్సు ట్రే తనే తీసుకుని, ఆమెను మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టింది.

ఇంట్లో ముగ్గురే. ఆమె, లిఫ్టులు బాగుచేసే భర్త, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు ఆపరేటరుగా పని చేసి రిటైరైన అత్తగారు. సాయంత్రం ఆరింటికి తలుపు తెరిచిన అత్తగారు కోడలి ముఖం చూసి, ఏం అడక్కుండా కుర్చీ లాగింది. భర్త వచ్చాక ఇద్దరికీ కలిపి చెప్పింది.

"నీ పేరు ఎక్కడా లేదు కదా?" అన్నాడు భర్త.

"లేదు."

"అంకె దిద్దేశావు కదా?"

"దిద్దాను. ఇంకా కలపలేదు. రేపో ఎల్లుండో కలుపుతారు."

"అయితే ఊరుకో. అప్పుడే పెద్దాయన పట్టుకున్నాడు, నువ్వు మళ్ళీ రాశావు. చెత్తబుట్టలో పడాల్సిన కాగితాన్ని ఎవడో ఫోటో తీసుకుపోతే అది నీ నెత్తిన వేసుకుంటావా? ఉద్యోగం పోతే?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు మందులక్కకు. అందుకే ఇంకా భయమేసింది. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత సులువో, అదే ఎంత సబబుగా ఉందో చూసి భయమేసింది.

అత్తగారు చేతిలోని చేరుమాలు మడత పెట్టింది. తర్వాత కొడుకు వైపు చూడకుండానే మొదలుపెట్టింది. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చావుకబురు ఫోన్ తప్పు ఇంటికి కలిపాను. అవతలాయన ఏడుస్తూ పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. మీవాడు పోయాడు అన్నాడు, అంతే. నేను తప్పు చూసుకుని తీగ లాగేశాను. అప్పటికే వాళ్ళు వినేశారు. ఆ ఇంటి నంబరు నాకు తెలుసు. మళ్ళీ కలిపి, మీకు కాదమ్మా అని చెప్పాలి. సూపర్‌వైజరుకు తెలుస్తుందని రెండు రోజులు చెప్పలేదు."

భర్త ముఖం మారిపోయింది. "ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"గొప్ప పనైతే చెప్పేదాన్నిరా. ఆ రెండు రోజులూ వాళ్ళ కొడుకు పోయాడనుకుని ఏడుస్తూనే ఉన్నారట. ఎక్కడో దూరాన ఉద్యోగంలో ఉన్నాడు ఆ పిల్లాడు. మూడో రోజు నేను ఫోన్ చేస్తే ఆ తల్లి నన్ను తిట్టలేదు. నా పేరడిగింది. నేను పెట్టేశాను." కోడలి వైపు తిరిగింది. "నీ ఇష్టం అమ్మాయ్. నేను చెయ్యమని చెప్పట్లేదు."

మర్నాడు పొద్దున మందులక్క ముందు పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళింది. నిలబడే చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న కలం మూత పెట్టి వింది.

"ఈ ప్రోగ్రామే ఎందుకు తెప్పించానో తెలుసా?" అంది చివరికి. "మన దగ్గర పని చేసిన కుర్రాడు మొదలుపెట్టాడని ఎవరో చెప్పారు. మన ఆస్పత్రి లెక్కలే అని గర్వపడి తెప్పించాను." కిటికీ వైపు చూసింది. "అప్పుడు పసిబిడ్డల వార్డు నాదే, రోజూ మందుల గదికి వచ్చేదాన్ని. ఆ మూడు రోజులూ నేనూ ఆ కాగితం పక్కనుంచే నడిచాను. ఒక్కసారి తలెత్తి చూడలేదు."

"వాళ్ళకి రాయమంటారా మేడమ్?"

"రాయకపోతే ఎలా? రాసి నాకు కూడా చూపించు."

మందులక్క రాసింది. పది వాక్యాలు రాయడానికి రెండు గంటలు పట్టింది. "ఆ ఫోటోలోని చేతిరాత నాది. ఆ అంకె తప్పు రాసింది నేను. ఆ కాగితం గోడ మీద మూడు రోజులే ఉంది. నాలుగో రోజు మా పెద్దాయన తప్పు పట్టుకుని చింపేశారు. మీ దగ్గరున్నది ఎవరూ సరిచూడక ముందు తీసిన ఫోటో. కాబట్టి ఆ ఒక్క వరుసే కాదు, ఆ కాగితం నుంచి మీరు తీసుకున్న ఏ వరుసనూ నమ్మవద్దు. సరిచూసిన కాగితం ఫోటో, సంతకంతో సహా, ఇక్కడ పెడుతున్నాను. నేను ఇదే ఆస్పత్రిలో ఇంకా పని చేస్తున్నాను. ఏం అడగాలన్నా అడగండి." కింద ఈసారి మందులక్క అని కాకుండా హాజరు పట్టీలోని పూర్తి పేరు రాసింది.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నిన్న ఇరవై నిమిషాల్లో పలికినవాళ్ళు ఈ రోజు పలకలేదు. ఆమె చీటీలు చూస్తూనే, మందులు కలుపుతూనే, తెర వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడింది.

మూడింటికి గుడ్లగూబ రాసింది. "నేను పదేళ్ళుగా ఇక్కడ ఉన్నాను. తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎన్నోసార్లు అడిగాను. నా దగ్గర్నుంచి అని ఒక మనిషి చెప్పడం ఇదే మొదటిసారి. జవాబు ఆలస్యమైంది, ఏం రాయాలో తోచలేదు. మీ దిద్దుబాటు ఒప్పుకుంటున్నాను." దాని కింద పెన్సిల్ కూడా ఒప్పుకున్నాడు. ఆమె మార్చిన ఒక్క అంకె అసలులో కలిసింది. ఆ వరుస పక్కన, దిద్దినవారు అన్నచోట, ఆమె పేరు కనిపించింది. సంతోషించాలో లేదో ఆమెకు తెలియలేదు.

హెచ్చరిక అందుకున్న ఆస్పత్రులు ఒక్కొక్కటే జవాబు రాయసాగాయి. చాలామంది ఆ మందు తమ దగ్గర లేదన్నారు. కొందరు ఆ బరువు బిడ్డలకు వాడలేదన్నారు. ఒక ఆస్పత్రి మందుల గది నుంచి మాత్రం ఇలా వచ్చింది: "ఈ తప్పు మేం నాలుగేళ్ళ కిందటే చూశాం. మా దగ్గర మార్చుకుని వాడుకుంటున్నాం."

మందులక్క ఆ రెండు వాక్యాలు మళ్ళీ చదివింది. నాలుగేళ్ళు. చూశారు, తమ ఇంట్లో దీపం సరిచేసుకున్నారు, తలుపేసుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అడుగుదామని గబగబా కొట్టింది. కొట్టాక, రాత్రి భర్త అన్న మాటలు, అవి తనకెంత సబబుగా తోచాయో గుర్తొచ్చి, కొట్టిందంతా చెరిపేసింది. పెన్సిల్ వాళ్ళను ఒక్క మాటే అడిగాడు, ఇంకేమైనా అలా మార్చుకున్నారా అని. ఇంకో రెండున్నాయని వాళ్ళు ఒప్పుకున్నారు. పుస్తకంతో సరిచూసి ఆ రెండూ అప్పుడే దిద్దారు.

గురువారం ఇంకో జవాబు వచ్చింది. ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు రాసింది. "మా పాత రిజిస్టర్లు తిరగేశాను. అయిదేళ్ళ కిందట ఇద్దరు బిడ్డలకు ఆ మందు, ఆ బరువులోనే, ఈ లెక్క ప్రకారమే ఇచ్చాం. మూడో రోజు ఇద్దరికీ మూత్రం తగ్గింది. ఎందుకో తెలియక మందు ఆపేశాం. తొమ్మిదో రోజున ఇద్దరూ ఇంటికి వెళ్ళారు. అప్పుడు వాళ్ళ చెవులు పరీక్ష చెయ్యలేదు. ఇప్పుడు చేయించాలని మా డాక్టరు అన్నారు. వాళ్ళ ఇళ్ళు వెతుకుతాం."

అప్పటిదాకా నూట అరవై మూడు ఒక అంకె. ఇప్పుడు ఇద్దరు బిడ్డలు. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటూ అలాగే ఉండిపోయింది. నీళ్ళు పోతున్న చప్పుడుకు ఆయమ్మ వచ్చి కట్టేదాకా ఆమెకు తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే ఆమె మొత్తం మూడు వందల పన్నెండు వరుసలూ అచ్చు తీసి భోజనాల బల్ల మీద పరిచింది. మంగళవారం నుంచీ నిద్ర లేదు, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని అంది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం ముందుకు లాక్కుంది.

"నేను చదువుతాను, నువ్వు చూడు. మెల్లగా చదవనా, మా ఎక్స్ఛేంజి పద్ధతిలో చదవనా?"

"మీ పద్ధతిలోనే చదవండి అత్తయ్యా."

"ఒకటి, పాయింటు, రెండు, సున్నా. మళ్ళీ చెప్పు."

"ఒకటి, పాయింటు, రెండు, సున్నా."

"సరే. తర్వాతది." పాతికేళ్ళు అంకెలు పలికిన గొంతు. ఏడూ ఏడూ అన్నా, రెండు ఏడులు అన్నా తికమక పడనివ్వదు. భర్త కాసేపు గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత వచ్చి, సరిపోయిన వరుస పక్కన పుస్తకం పేజీ నంబరు రాసే పని తీసుకున్నాడు.

"లిఫ్టులకి కూడా ఇలాంటి ప్రోగ్రాం ఉంటే నాకు చెప్పకు. మెట్లెక్కి పోతాను" అన్నాడు. వారంలో మొదటిసారి మందులక్కకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి రెండు వందల నలభయ్యో వరుస దగ్గర అత్తగారి గొంతు ఆగింది. పుస్తకంలో ఉన్నది ఒకటి, పట్టికలో ఉన్నది ఇంకొకటి. ఇది మందులక్క రాసిన కాగితంలోది కాదు. ఎవరో ఆరేళ్ళ కిందట చేర్చారు. ఇవ్వాల్సిన దానికంటే తక్కువ చూపిస్తోంది. చేర్చిన మనిషి పేరు చూసింది, ఎవరో తెలియదు. ఆ మనిషికి రాసేటప్పుడు ఆమె ప్రతి మాటా తూచి రాసింది. "మీరు చేర్చిన వరుసలో తేడా కనబడింది. ముందు ఒకచోట కూర్చుని, తర్వాత మిగతాది చదవండి" అని మొదలుపెట్టింది.

సాయంత్రానికి మొత్తం పూర్తయింది. ప్రతి వరుస పక్కన పుస్తకం పేరు, పేజీ, చూసినవారి పేరు ఉండేలా ఆమె రెండో దిద్దుబాటు పంపింది. చూసినవారిలో అత్తగారి పేరు కూడా రాసింది. ఇకనుంచి పట్టికలో అంకె మారే ప్రతి దిద్దుబాటూ ఆమె కూడా చూడాలని పెన్సిల్ అడిగాడు. తనకు ప్రోగ్రాం రాయడం రాదని గుర్తుచేసింది. "ప్రోగ్రాం రాసేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు" అని రాశాడు. ఆమె ఒప్పుకుంది.

ఇంకో పన్నెండు రోజులకు ఆ చిన్న ఆస్పత్రి నర్సు నుంచి కబురు వచ్చింది. ఇద్దరిలో ఒక బిడ్డ దొరికింది. అయిదేళ్ళ ఆడపిల్ల. చెవులు పరీక్ష చేశారు, రెండూ బాగున్నాయి. పరీక్ష గదిలో వినిపించిన ప్రతి చప్పుడుకూ చెయ్యెత్తమంటే, చప్పుడు లేనప్పుడు కూడా ఎత్తి అందరినీ నవ్వించిందట. రెండో బిడ్డ మగపిల్లాడు. ఆ ఇంటివాళ్ళు ఊరు మారారు. పాత ఫోన్ నంబరు పని చెయ్యడం లేదు. ఇరుగుపొరుగుని అడుగుతున్నారు, ఇంకా జాడ తెలియలేదు.

మందులక్క ఆ కబురు నిలబడే చదివింది. ఆడపిల్ల సంగతి చదివినప్పుడు బల్ల అంచు పట్టుకుంది. రెండో బిడ్డ సంగతి చదివాక కూడా వదల్లేదు. తర్వాత కూర్చుని జవాబు రాసింది. "ఎప్పుడు దొరికినా, ఏ కబురైనా, నాకు చెప్పండి. మంచిదైతేనే చెప్పాలని అనుకోకండి."

నర్సు అలాగేనంది. ఇంకా వెతుకుతూనే ఉన్నారు.